సెన్సార్ డబ్బాకు ఇత్తడి ఇన్సర్టులు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

పోటీ రోబోల సెన్సార్లకు త్రీడీ ప్రింటర్ మీద డబ్బా ఎలా చేయాలో చాలామంది రాశారు. కొలతలు, ప్రింటర్లు, ఫిలమెంట్ ధరల జోలికి నేను పోను. స్క్రూ దిగడానికి ప్లాస్టిక్‌లోకి వేడిచేసి దించే చిన్న ఇత్తడి ముక్క ఉంది చూడండి, ఎం3 (మూడు మిల్లీమీటర్ల స్క్రూకు సరిపోయే) ఇన్సర్టు, దాని గురించే చెబుతాను. కాకినాడ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో రోబోటిక్స్ ల్యాబ్ చూసుకుంటున్న నాకు దీని అంత సుఖపెట్టిన సామాను ఇంకొకటి లేదు.

పోటీ రోబో మీది డబ్బాను విప్పినన్ని సార్లు ఇంకే డబ్బానూ విప్పరు. వైరు ఊడితే విప్పాలి, సెన్సార్ పోతే విప్పాలి, ఏమీ కాకపోయినా పిల్లలు ఓసారి విప్పి చూస్తారు. స్క్రూను నేరుగా ప్లాస్టిక్‌లోకి బిగిస్తే కొద్ది రోజులకే థ్రెడ్ అరిగిపోయి ఊరికే తిరుగుతుంది. ఆ తర్వాత రంధ్రంలో అగ్గిపుల్ల ముక్క, ఫెవిక్విక్ చుక్క, చివరికి మూత చుట్టూ ఇన్సులేషన్ టేపు. ఇన్సర్టులు వేయడం మొదలుపెట్టాక ఈ తలనొప్పి పోయింది. పాత బ్యాచ్ వాళ్లు చేసిన డబ్బాలను ఇప్పటి పిల్లలు వాడుతున్నారు, స్క్రూలు ఇంకా పట్టుగానే దిగుతున్నాయి.

అసలు మేలు నేను ఊహించని చోట బయటపడింది. మా లైన్ ఫాలోయర్‌లో, అంటే నల్ల గీత వెంట నడిచే రోబోలో, టీసీఆర్‌టీ5000 సెన్సార్ల బోర్డు డబ్బా పైకప్పుకు కింద వేలాడుతుంది. ఈ సెన్సార్ కిందికి ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేసి, తిరిగొచ్చేదాన్ని బట్టి నలుపు, తెలుపు గుర్తుపడుతుంది. స్క్రూలు కింది నుంచి బోర్డు గుండా ఇన్సర్టుల్లోకి వెళ్తాయి, బోర్డుకూ పైకప్పుకూ మధ్య బాల్‌పెన్ను స్ప్రింగులు. ఒక కాలేజీ ఫెస్టులో ట్రాక్‌ను ఫ్లెక్స్ మీద వేశారు. మధ్యాహ్నం దాటాక పడమటి కిటికీ ఎండ సరిగ్గా ఒక మలుపు మీద పడింది. ఈ సెన్సార్‌కు పగటి వెలుతురును ఆపే ఫిల్టర్ ఉంది కానీ ఎండలోని ఇన్‌ఫ్రారెడ్‌ను అది ఆపలేదు. ఎండ పడిన చోట నల్ల గీత కూడా తెల్లగానే కనిపించి, రోబో ప్రతిసారీ అక్కడే దారి తప్పింది. కోడ్‌లో థ్రెషోల్డ్ (నలుపు, తెలుపులను వేరుచేసే హద్దు) ఎంత మార్చినా లాభం లేదు. పిల్లల్లో టెన్షన్ మొదలైంది.

తయారీదారు డేటాషీటు ప్రకారం ఈ సెన్సార్ బాగా పనిచేసేది ఎదుటి ఉపరితలానికి 2.5 మిల్లీమీటర్ల దూరంలో. మాది ఐదు దగ్గర ఉంది. "సార్, ఎం3 స్క్రూ ఒక చుట్టుకు అర మిల్లీమీటరే కదా, తలా నాలుగు చుట్లు వదులు చేద్దాం" అంది టీమ్ లీడర్. అలెన్ కీతో నాలుగు స్క్రూలనూ లెక్కగా తిప్పింది. స్ప్రింగులు బోర్డును రెండు మిల్లీమీటర్లు కిందికి నెట్టాయి. సెన్సార్‌కు తన వెలుగే గట్టిగా తిరిగొచ్చింది, పక్కనుంచి దూరే ఎండ తగ్గింది. సెన్సార్లకు నలుపు, తెలుపు మళ్లీ చూపించి కాలిబ్రేట్ చేసి వదిలితే రోబో ఆ మలుపును కాస్త తడబడుతూనే దాటేసింది. ప్లాస్టిక్ థ్రెడ్ అయితే అన్నేసి సార్లు విప్పి బిగించాక ఇంత కచ్చితంగా తిప్పే వీలే ఉండేది కాదు.

అయితే ఈ మెచ్చుకోలంతా పీఈటీజీ అనే ప్లాస్టిక్‌తో ప్రింట్ చేసిన డబ్బాల గురించే. పీఎల్ఏ అనే ఇంకో ప్రింటింగ్ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఏప్రిల్ ఎండలో అద్దాలు మూసిన కారులో ఉంచిన ఒక పీఎల్ఏ డబ్బా మూత వంగిపోయి, స్క్రూ లాగుడుకు ఇన్సర్టు కూడా పైకి లేచి వచ్చింది. ఇంకొకటి, మోటార్ల అదురుకు ఇత్తడిలో స్క్రూ తొందరగా వదులవుతుంది. స్ప్రింగు బిగువు ఉన్నచోట పర్వాలేదు గానీ, మూత స్క్రూలను మాత్రం ప్రతి రౌండుకు ముందు చూసుకోవాల్సిందే. ఈ విషయంలో పాత ప్లాస్టిక్ థ్రెడ్డే నయం.

ఇన్సర్టు దించడానికి చేయి తిరగాలి. సోల్డరింగ్ ఐరన్‌ను నొక్కకూడదు, దాని బరువుకే దిగనివ్వాలి. అంచు ఇంకాస్త పైకి ఉండగానే ఐరన్ తీసేసి, స్టీలు స్కేలుతో సమంగా అదిమి, చల్లారేదాకా పట్టుకోవాలి. తొందరపడితే ఇన్సర్టు పక్కకు ఒరుగుతుంది, కరిగిన ప్లాస్టిక్ పొంగి థ్రెడ్‌లోకి వస్తుంది. రంధ్రం చుట్టూ గోడ పలచగా ఉంటే ఉబ్బిపోతుంది. అందుకే మేం స్లైసర్‌లో (డిజైన్‌ను ప్రింటర్ కోసం పొరలుగా విడగొట్టే సాఫ్ట్‌వేర్) గోడను నాలుగు వరుసల మందంతో పెడతాం.

మా ల్యాబ్‌లో ప్రింటర్, టెంపరేచర్ పెట్టుకునే ఐరన్ రెండూ ఉన్నాయి, ఒకే డబ్బా చాలా పోటీలకు తిరుగుతుంది. కాబట్టి మాకు ఇవి లేకుండా పని జరగదు. స్కూలు పిల్లలు ఒక్క పోటీకి చేసే డబ్బా అయితే నేను వీటిని కొనమనను. ప్లాస్టిక్‌లో ఆరు పలకల గుంట వదిలి మామూలు ఎం3 నట్టు కూర్చోబెడితే సరిపోతుంది. వేడి ఐరన్‌తో పనీ ఉండదు.