ఉతికి వాడే ఎయిర్ ఫిల్టర్ డీజిల్ కారుకు పనికొస్తుందా?

"ఒక్కసారి కొంటే బండి ఉన్నంతకాలం చాలు" అని చెప్పి అమ్మే, ఇంజన్ పీల్చే గాలిని వడకట్టే కాటన్ ఎయిర్ ఫిల్టర్లు ఇప్పుడు బాగా పోతున్నాయి. నూలు బట్టను మడతలు వేసి, అల్యూమినియం జాలి మధ్య బిగించి, ఎర్రటి నూనె పట్టించి ఇస్తారు. ధర దాదాపు నాలుగైదు వేలు. అదే కారుకు పేపర్ ఫిల్టర్ మూడొందల నుంచి ఏడెనిమిది వందల్లో దొరుకుతుంది. మారుతి 2020 ఏప్రిల్‌లో డీజిల్ కార్లు ఆపేసినా, 1248 సీసీ డీజిల్ ఇంజన్ ఉన్న స్విఫ్టులు, డిజైర్లు మన ఊళ్లలో ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. ఈ రివ్యూ ముఖ్యంగా ఆ బండ్లవాళ్ల కోసం. తీర్పు ముందే చెప్పేస్తాం: ఆ నాలుగు వేలు పెట్టొద్దు. మంచి పేపర్ ఫిల్టర్ వేసి, వేళకు మార్చండి.

ఎందుకో చూడండి. పెట్రోలు కారు నెమ్మదిగా పోతున్నప్పుడు గాలి దారిలో ఉండే థ్రాటిల్ మూత సగం మూసుకుని గాలిని అడ్డుకుంటుంది. డీజిల్‌లో ఆ అడ్డు దాదాపు ఉండదు, గాలి ఎప్పుడూ నిండుగా పోవాల్సిందే. ఈ 1248 సీసీ ఇంజన్ 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర, టర్బో (గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపే చక్రం) తోసే అదనం లెక్కలో వేయకుండానే, నిమిషానికి సుమారు 1,250 లీటర్ల గాలి లాగుతుంది. ఆ గాలిలో ఎంత దుమ్ముంటే అంతా ఫిల్టర్ మీదికే వస్తుంది. చీమకుర్తి గ్రానైట్ లారీల వెనక, తాండూరు సిమెంటు రోడ్ల మీద, కోతలప్పుడు వడ్లు ఆరబోసిన రోడ్ల మీద రోజూ తిరిగే బండి సంగతి వేరే చెప్పాలా?

కాటన్ ఫిల్టర్‌కు గాలి తేలిగ్గా పోతుంది, అది నిజం. దాంతోపాటు సన్న దుమ్ము కూడా తేలిగ్గా పోతుంది. నూటికి 99 పాళ్లు పట్టేది ఒక పాలు వదులుతుంది, 98 పట్టేది రెండు వదులుతుంది. వినడానికి తేడా ఒక్కటే, ఇంజన్‌లోకి వెళ్లే దుమ్ము మాత్రం రెట్టింపు. ఆ దుమ్ములో ఎక్కువగా ఉండేది ఇసుక పొడి. అది టర్బో చక్రం రెక్కల అంచులను అరగదీస్తుంది, పిస్టన్ రింగులను తినేస్తుంది, తర్వాత ఇంజన్ ఆయిల్‌లో కలిసి బేరింగుల దాకా పోతుంది. "పికప్ పెరుగుతుంది" అనే మాటా నమ్మకండి. కంపెనీ సెట్టింగులో ఉన్న టర్బో డీజిల్‌లో ఎంత ఇంధనం, ఎంత బూస్టు (టర్బో గాలి ఒత్తిడి) అన్నది కంప్యూటరే నిర్ణయిస్తుంది. శుభ్రమైన పేపర్ ఫిల్టర్ ఆ ఇంజన్‌కు అడ్డేమీ కాదు.

ఇప్పటికే కొన్నవాళ్లు ఉతికే పద్ధతి మాత్రం తప్పకూడదు. క్లీనర్ చల్లి పది నిమిషాలు నాననివ్వాలి. తర్వాత కుళాయి నీళ్లు సన్నధారగా, ఇంజన్ వైపు నుంచి దుమ్ము వైపుకు పట్టాలి. నీడలో పూర్తిగా ఆరాలి. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయర్, కంప్రెసర్ గాలి ఇవేవీ వద్దు. ఆరాక ఒక్కో మడత అంచు మీద ఒక్కసారి మాత్రమే నూనె పట్టించి, ఇరవై నిమిషాలు ఆగి, తెల్లగా మిగిలిన చోట మళ్లీ కొద్దిగా వేయాలి. నూనె తక్కువైతే దుమ్ము దాటుతుంది. ఎక్కువైతే ఆ తుంపర ఫిల్టర్ బాక్సు దాటగానే ఉండే ఎయిర్ ఫ్లో సెన్సర్ (ఎంత గాలి పోతోందో కొలిచేది) మీద పేరుకుంటుంది. అప్పుడు గాలి లెక్క తప్పి, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) తప్పుగా పనిచేస్తుంది. నల్ల పొగ రావచ్చు, చెక్ లైటు వెలగొచ్చు, స్కానర్‌లో ఆ సెన్సర్ తప్పును చెప్పే పి0101 కోడ్ కనబడొచ్చు. ఆ సెన్సర్‌ను దానికోసం అమ్మే స్ప్రేతోనే కడగాలి. బ్రేక్ క్లీనర్, కార్బొరేటర్ క్లీనర్ కొడితే పాడవుతుంది. సెన్సర్ లోపలి సన్న భాగాన్ని వేలితో ముట్టుకోకండి.

ఇక పేపర్ ఫిల్టర్. బాష్, ప్యూరొలేటర్, మారుతి జెన్యూన్ పార్ట్స్, ఏదైనా సరే, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నా, విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, పాతది చేత్తో పట్టుకెళ్లి పక్కన పెట్టి చూడండి. మడతల లెక్క, లోతు సరిపోవాలి. అంచు రబ్బరు నొక్కితే మెత్తగా లోపలికి పోయి మళ్లీ పైకి రావాలి. నకిలీ సరుకులో మడతలు తక్కువ, రబ్బరు చెక్కలా గట్టిగా ఉంటుంది.

దులపడం దగ్గరే చాలా షెడ్లలో తప్పు జరుగుతుంది. పంచర్ షాపు గాలిని నేరుగా పెడితే కాగితానికి కంటికి కనబడని చిల్లులు పడతాయి. ఒత్తిడి 30 పీఎస్‌ఐ లోపు ఉంచి, నాజిల్ జానెడు దూరంలో పట్టి, శుభ్రమైన వైపు నుంచి మురికి వైపుకు ఊదండి. నేలకేసి కొట్టకండి, నీళ్లతో గానీ పెట్రోలుతో గానీ కడగకండి. ఊదాక చీకట్లో వెనక టార్చి పెట్టి చూడండి. సూది మొనంత వెలుగు చుక్క కనబడినా అది పారేయాల్సిందే. ప్రతి 5,000 కిలోమీటర్లకు ఒకసారి తెరిచి చూడండి. మట్టిరోడ్లలో తిరిగే బండికి మాన్యువల్‌లో రాసిన గడువులో సగానికే మార్చండి.

ఫిల్టర్ కన్నా బిగింపు ముఖ్యం అని మా గట్టి అభిప్రాయం. పాతది తీయగానే దాని రబ్బరు అంచు చూడండి. చుట్టూ ఒకే వెడల్పున నొక్కుడు గీత ఉండాలి. ఎక్కడైనా గీత తెగి, ఎర్రమట్టి నాలుకలా లోపలి వైపుకు పాకి ఉంటే, గాలి ఫిల్టర్‌ను తప్పించుకుని పోతోందన్నమాట. తర్వాత సెన్సర్ వైపు పైపు లోపల తెల్లగుడ్డతో తుడవండి. కొద్దిగా నూనె జిడ్డు మామూలే, ఇంజన్ ఆవిరి గొట్టం అక్కడే కలుస్తుంది. గరగరలాడే దుమ్ము అంటితే మాత్రం మూత స్క్రూలు, మడతల రబ్బరు గొట్టం పగుళ్లు వెతకాలి.

చివరగా గ్రిల్ వెనక గాలి పీల్చే మూతి. అక్కడి జాలికి ఆకులు, దూది, పురుగులు పట్టుకుంటాయి. ఆయిల్ మార్చిన ప్రతిసారీ చేత్తో తీసి పడేయండి. కొందరు దానికి దోమల జాలి కడతారు. సన్న కన్నాలు పురుగులతో వారంలో పూడుకుపోయి ఇంజన్‌కు ఊపిరాడదు, కాబట్టి కట్టొద్దు. ఫిల్టర్ తర్వాత, టర్బోకు ముందు మాత్రం ఏ జాలీ పెట్టకండి, ఒక్క తీగ ముక్క ఊడినా నేరుగా టర్బో చక్రంలోకే పోతుంది. బాక్సు అడుగున నీళ్లు కారే చిన్న కన్నం ఉంటే, వానాకాలం రాకముందే పుల్లతో పొడిచి చూడండి. ఎలుకలు దాచిన వడ్లు, కొబ్బరి పీచు ఆ మూలే ఉంటాయి.