మా బోరు నీళ్ళతో తొమ్మిదేళ్ళు వాడిన గీజర్

మాది కోనసీమలో రాజోలు దగ్గర ఊరు. 2016 డిసెంబరులో 25 లీటర్ల గీజర్ కొన్నాం. రెండు వేల వాట్లది, లోపలి ఇనుప ట్యాంకుకి గాజు పూత ఉన్న రకం. అప్పటికే మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. పొద్దున్నే ఒంటి మీద వేడినీళ్ళు పడితే గానీ ఆవిడకి కాళ్ళు స్వాధీనంలోకి వచ్చేవి కావు. అంతకుముందు పెరట్లో రాగి బాయిలర్ ఉండేది, కొబ్బరి డొక్కలు వేసి మంట పెట్టేవాళ్ళం. ఆ పొగకి ఆవిడకి దగ్గు తెర ఎత్తుకునేది. అందుకే మానేశాం.

గీజర్ వేడెక్కడం లేదంటే లోపల నీళ్ళని కాచే కాయిల్ పోయినట్టే అని మా వైపు అందరూ అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. ఈ తొమ్మిదేళ్ళలో మాది మూడుసార్లు మొరాయించింది. మూడుసార్లూ కాయిల్ బాగానే ఉంది. కొత్తది కొనేముందు ఎవరికైనా ఈ సంగతి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటిసారి 2018లో, ధనుర్మాసంలో. స్విచ్ వేస్తే పవర్ లైటు వెలిగేది, నీళ్ళు కాగుతున్నట్టు చూపే రెండో లైటు మాత్రం వెలిగేది కాదు. నీళ్ళు చల్లగానే ఉండేవి. వచ్చిన ఎలక్ట్రీషియన్ అబ్బాయి కింద మూత విప్పి, నీళ్ళు కాగాక కరెంటు ఆపే థర్మోస్టాట్ పక్కనున్న చిన్న మీట నొక్కాడు. టక్కుమంది, రెండో లైటు వెలిగింది. అది కటాఫ్. లోపల వేడి హద్దు దాటితే తనంతట తానే కరెంటు ఆపేస్తుంది, చేత్తో నొక్కితే గానీ మళ్ళీ కలవదు. రెండు నిమిషాల పని. అంత సులువుగా తేలిపోయిందని ఆ రోజు సంబరపడ్డాను కానీ, అసలు వేడి ఎందుకు హద్దు దాటిందని అడగలేదు. ఆ ప్రశ్న అడిగి ఉంటే రెండోసారి అంత ఇబ్బంది పడేవాళ్ళం కాదు.

రెండోది 2020 సంక్రాంతి ముందు. భోగి నాడు పిల్లలకి తలంట్లు పోయాలి, ఇంటినిండా చుట్టాలు. అంతకు వారం ముందు నుంచే గీజర్ గురగురమని చప్పుడు చేయడం మొదలుపెట్టింది. స్విచ్ వేసిన పది నిమిషాలకే రెండో లైటు ఆరిపోయేది, పంపు తిప్పితే సగం బకెట్ వేడినీళ్ళు, ఆ తర్వాత అన్నీ చన్నీళ్ళే. మామూలుగా అయితే ఆ 25 లీటర్లు అరవై డిగ్రీలకి కాగితే, చన్నీళ్ళు కలుపుకుని మూడు బకెట్ల స్నానపు నీళ్ళు వస్తాయి.

"కాయిల్ పోయిందండి ఆంటీ, కొత్తది వేసేద్దాం" అన్నాడు ఆ అబ్బాయి.

"ముందు మీటరు పెట్టి చూడు నాయనా. పోతే అప్పుడే వేద్దాం" అన్నాను.

గీజర్‌కి కరెంటు ఆపే ఎమ్‌సీబీ స్విచ్ దించి, టెస్టర్‌తో చూసి, కాయిల్ వైర్లు ఊడదీసి మల్టీమీటర్ పెట్టాడు. కాయిల్ నిరోధం 27 ఓములు చూపించింది. 230 వోల్టుల మీద రెండు వేల వాట్ల కాయిల్‌కి ఇరవై ఆరు, ఇరవై ఏడు ఉండాలి. కాయిల్ తెగితే అసలు రీడింగే రాదు. "ఆయ్, కాయిల్ బానే ఉందండి" అని వాడే ఒప్పుకున్నాడు. అప్పుడు నీళ్ళన్నీ వదిలేసి, కాయిల్ బిగించి ఉండే కింది పళ్ళెం బోల్టులు విప్పించాను.

ఆ పళ్ళెం కిందికి దిగినప్పుడు చూసింది ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. కాయిల్ మీద గుల్లసున్నం మందంగా మెత్తినట్టు తెల్లటి పొర, వేలి మందాన. పక్కనే థర్మోస్టాట్ గొట్టం ఉంటుంది, రెంటికీ మధ్య ఖాళీ లేకుండా ఆ సున్నం పూడిపోయింది. చేయి పెట్టి తీస్తే ట్యాంకు అడుగు నుంచి దోసెడు పెచ్చులు వచ్చాయి. బోరు నీళ్ళలో కరిగి ఉండే సున్నం కాగేటప్పుడు రాయిలా పేరుకుంటుంది. నీళ్ళు ఎంత ఎక్కువ వేడెక్కితే అంత ఎక్కువగా పేరుకుంటుంది. కాయిల్ వేడి ఆ సున్నం గుండా తిన్నగా థర్మోస్టాట్‌కి తగలడంతో, నీళ్ళు కాగకముందే కాగాయనుకుని అది ఆపేస్తోంది. రెండేళ్ళ కిందట కటాఫ్ పడిపోవడానికీ కారణం ఇదే అయి ఉంటుందని అప్పుడు తట్టింది.

పళ్ళేనికే ఇంకో కడ్డీ ఉండాలి, మెగ్నీషియం రాడ్. అది కొత్తలో బొటనవేలంత లావుంటుందట. మాది తీస్తే కొబ్బరి ఈనె అంత సన్నటి ఇనుప తీగ మిగిలింది, చివర కాస్త బూడిద రంగు గడ్డ అంటుకుని ఉంది. ట్యాంకు గాజు పూతలో ఎక్కడైనా సన్నటి పగులుంటే అక్కడ ఇనుము తుప్పు పట్టకుండా, తాను కరిగిపోతూ దాన్ని కాపాడటమే ఆ రాడ్ పని. నీళ్ళలో ఉప్పు ఎంత ఎక్కువుంటే అంత త్వరగా తరిగిపోతుంది. సముద్రానికి ఇంత దగ్గర్లో మా బోరు నీళ్ళు నోట్లో పోసుకోలేం, ఇక రాడ్ మాత్రం ఎన్నాళ్ళు ఆగుతుంది? గీజర్ కొన్నప్పుడు గానీ, తర్వాత సర్వీసుకి వచ్చినప్పుడు గానీ దీని మాట ఎవరూ మాకు చెప్పలేదు. నాకు నిజంగా బాధేసింది అక్కడే. నాలుగైదు వందల రాడ్ వేళకి మార్చక వేలు పోసిన ట్యాంకులు చిల్లులు పడుతున్నాయి. మా వీధిలోనే రెండిళ్ళలో అలా పాత ఇనుముకి పోయాయి.

కాయిల్ మీది సున్నాన్ని స్క్రూడ్రైవర్‌తో చెక్కబోతే వద్దన్నాను. పైనున్న రాగి తొడుగుకి గాటు పడితే లోపలికి నీరు చేరి షాక్ కొడుతుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్ పోద్దామన్నాడు, అదీ వద్దన్నాను. మా అత్తగారు వరండాలోంచి అంతా చూస్తున్నారు. "రాగి బాయిలర్‌కి శనివారం శనివారం చింతపండు పెట్టి తోమేదాన్ని కాదుటే" అన్నారు. చింతపండులో ఉన్నదీ పులుపే, సున్నాన్ని విడదీసేదీ పులుపే. కిరాణా కొట్టు నుంచి వంద గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) తెప్పించి, గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, వైర్లు తగిలించే భాగం తడవకుండా కాయిల్‌ని అందులో నిలబెట్టాం. నిమ్మసోడాలా సన్నటి బుడగలు పొంగాయి. గంటకి ఎర్రటి రాగి బయటపడింది. కొత్త రాడ్, కొత్త రబ్బరు వాషర్ వేసి బిగించాం. ట్యాంకు నిండి పంపులో ధార వచ్చాకే స్విచ్ వేయనిచ్చాను, ఖాళీ ట్యాంకులో కాయిల్ వెలిగితే నిమిషాల్లో కాలిపోతుంది. ఆ భోగికి ఇంట్లో అందరికీ వేడినీళ్ళు సరిపోయాయి.

అప్పటినుంచి ఏటా దీపావళి వెళ్ళాక ఒక ఆదివారం విప్పిస్తున్నాను. థర్మోస్టాట్‌ని చివరిదాకా తిప్పి ఉంచడం మానేసి అరవై దగ్గర పెట్టాం. మా నీళ్ళకి రాడ్ ఏడాదిన్నర మించి ఆగడం లేదు, కాబట్టి స్పేర్ ఒకటి ఇంట్లోనే ఉంచుతాను.

మూడోది గీజర్‌లో లోపమే కాదు. 2023లో అరగంటలో కాగే నీళ్ళు ముప్పావు గంటైనా కాగేవి కావు. విప్పి చూస్తే కాయిల్ శుభ్రంగా ఉంది. మల్టీమీటర్ ఈసారి ప్లగ్‌లో పెట్టించాను, 180 వోల్టులు. మా వీధి లైను చివరుంటుంది, చుట్టూ రొయ్యల చెరువులు, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లన్నీ తెల్లవారుజామునే తిరుగుతాయి. 180 వోల్టుల దగ్గర రెండు వేల వాట్ల కాయిల్ పన్నెండు వందల వాట్లే ఇస్తుంది, అంటే అరగంట పని యాభై నిమిషాలవుతుంది. దీనికి గీజర్‌ని విప్పినా లాభం లేదు. రాత్రి వోల్టేజీ బాగున్నప్పుడే ఒకసారి కాచి ఉంచుతున్నాం, తెల్లారేసరికి చాలావరకు వేడి నిలుస్తోంది. ఈ నిలవడం విషయంలో మాత్రం గీజర్‌ని మెచ్చుకోవాలి. ట్యాంకు నిండా కాచడానికి ఒక యూనిట్ పైన కాస్త కాలుతుంది.

నచ్చనిది సేఫ్టీ వాల్వ్. నీళ్ళు కాగుతున్నప్పుడు దానిలోంచి చుక్కలు పడతాయి. లీకేజీ అనుకుని మొదట్లో రెండుసార్లు మార్పించి డబ్బు పోగొట్టుకున్నాం. కాగితే నీళ్ళు వ్యాకోచిస్తాయి, ట్యాంకు మొత్తానికి పావు లీటరు పైనే. ఆ ఒత్తిడి అలా బయటికి పోవాల్సిందే. దాన్ని ఎవరూ బిరడా కొట్టి మూయకండి, ప్రాణాలకి ముప్పు. దానికింద చిన్న పైపు పెట్టి డ్రైనులోకి వదిలాం. ఆ పైపు కంపెనీయే ఇచ్చి ఉండాల్సింది.

మళ్ళీ కొనాల్సి వస్తే ఇదే రకం కొంటాను. కొనేముందు షాపులో రెండే అడుగుతాను: మెగ్నీషియం రాడ్ విడిగా అమలాపురంలో దొరుకుతుందా, కింది పళ్ళెం బోల్టులతో విప్పేలా ఉందా. స్టార్ల సంఖ్య, రంగు తర్వాత చూసుకుంటాను. మొన్న దీపావళి తర్వాత విప్పినప్పుడు ట్యాంకు లోపల టార్చి వేసి చూశాం. వేడినీళ్ళు బయటికి పోయే గొట్టం మొదట్లో చింతగింజంత తుప్పు మచ్చ కనిపించింది. దాని ఫొటో తీసి ఉంచాను, వచ్చే ఏడు పక్కన పెట్టి చూస్తాను.