ఈక్విల్యాబ్ రివ్యూ: పోకర్‌లో ధీమా రావడానికి పట్టే కాలాన్ని ఇది ఎంత తగ్గిస్తుంది?

ఈక్విల్యాబ్ టెక్సాస్ హోల్డెమ్ అనే పోకర్ ఆట కోసం విండోస్ మీద నడిచే ఉచిత ప్రోగ్రామ్. అది చేసే పని చిన్నదే. మన చేతిలోని రెండు ముక్కలు, ఎదుటివాడి దగ్గర ఉండగల చేతులు (ముక్కల జతలు), బల్ల మీద పడ్డ ముక్కలు ఇస్తే పాట్‌లో (పోగైన పందెం సొమ్ములో) మన వాటా ఎంత శాతమో లెక్కగట్టి చూపిస్తుంది. ఆ వాటానే ఈక్విటీ అంటారు. పోకర్‌లో ధీమా ఎన్నాళ్లకు వస్తుందని అడిగేవాళ్లు రెండు వేర్వేరు సంగతులను కలిపి అడుగుతుంటారు. ఒకటి, ఈ బెట్‌కి కాల్ చెయ్యడం (ఎదుటివాడి పందేనికి సమానంగా మనమూ కట్టడం) సరైందేనన్న ధీమా. రెండోది, మొత్తం మీద గెలిచే ఆటగాణ్నన్న ధీమా. మొదటిదాన్ని ఈ ప్రోగ్రామ్ కొన్ని వారాల్లోకి దించుతుంది. రెండోదానికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

తెరవగానే 13 అడ్డం, 13 నిలువుగా 169 గళ్ల పట్టిక కనిపిస్తుంది. మూలనుంచి మూలకు పెయిర్లు, వాటికి పైన సూటెడ్ (రెండు ముక్కలదీ ఒకే గుర్తు) చేతులు, కింద ఆఫ్‌సూట్ (వేర్వేరు గుర్తులు) చేతులు. కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. గళ్లన్నీ ఒకే సైజులో ఉన్నాయి కాబట్టి బరువు కూడా ఒకటే అనుకుంటారు. నిజానికి పెయిర్ గడిలో 6 కాంబోలు (ఆ చెయ్యి రాగల విధాలు), సూటెడ్ గడిలో 4, ఆఫ్‌సూట్ గడిలో 12. అన్నీ కలిపితే 1,326. ఆసు-రాజు మొత్తం 16 కాంబోలైతే, రెండు ఆసులు 6 మాత్రమే. మన చేతిలో ఒక ఆసు ఉందంటే ఆ 6 కాస్తా 3 అవుతాయి, 16 కాస్తా 12 అవుతాయి. ఈ తీసివేతను ప్రోగ్రామ్ తనంతట తానే చేసుకుంటుంది. అయినా మొదటి వారం కాగితం మీద మీరే చేసి చూడండి. ఆట మధ్యలో పనికొచ్చేది కాగితం మీద చేసిన లెక్కే.

ముందుగా కంఠతా రావాల్సిన అంకెలు పదికి మించి ఉండవు. రెండు ఆసులకు రెండు రాజుల మీద 82 శాతం. రెండు రాణులకు ఆఫ్‌సూట్ ఆసు-రాజు మీద 57, అదే సూటెడ్ అయితే 54. చేతిలో పెయిర్ ఉంటే ఫ్లాప్ (బల్ల మీద మొదట పడే మూడు ముక్కలు) మీద సెట్ (అదే అంకె మూడో ముక్క) తగిలేది సుమారు 12 శాతం. ఫ్లాప్ మీద ఫ్లష్ డ్రా (ఒకే గుర్తువి నాలుగుండి అయిదోదాని కోసం చూడటం) ఉంటే 9 ఔట్లు (చెయ్యి పూర్తిచేసే ముక్కలు), రివర్ (చివరిదైన అయిదో ముక్క) దాకా చూస్తే 35 శాతం. రెండు వైపులా తెరిచున్న స్ట్రెయిట్ (వరుసగా అయిదు అంకెలు) డ్రాకి 8 ఔట్లు, 31.5 శాతం. ఔట్లను నాలుగుతో గుణించే చిట్కా చాలామందికి తెలుసు. అది రెండు ముక్కలూ చూసే వీలున్నప్పుడే, అంటే ఆల్-ఇన్ (ఉన్నదంతా పందెం కట్టడం) అయినప్పుడే చెల్లుతుంది. టర్న్ (నాలుగో ముక్క) మీద మళ్లీ బెట్ పడే అవకాశం ఉంటే గుణించాల్సింది రెండుతోనే. ఆ ఫ్లష్ డ్రా టర్న్ మీద పూర్తయ్యేది 19 శాతమే. 36 అనుకుని కాల్ చేసేవాళ్ల చిప్స్ కరిగేది ఈ ఒక్క పొరపాటుతోనే.

కాల్ నష్టం కాకుండా ఉండటానికి కావలసిన వాటా శాతం మాత్రం చేత్తో లెక్కగట్టుకోవాలి. కాల్ మొత్తాన్ని, కాల్ తర్వాత పాట్ ఎంత అవుతుందో దానితో భాగించాలి. పాట్ 100, బెట్ 50 అయితే 50ని 200తో భాగించాలి, అంటే 25 శాతం. పాట్ అంత బెట్ పడితే 33. ఈ రెండూ నోటికొస్తే మధ్యలోవి ఊహకు అందుతాయి.

ఈ ప్రోగ్రామ్‌లో బాగా పనికొచ్చేది మెనూలో ఓ మూల ఉండే ఈక్విటీ ట్రైనర్. అది చేతులు చూపించి మన ఊహ అడుగుతుంది, తర్వాత అసలు అంకె చెబుతుంది. రోజుకు 20 నిమిషాలు, నెల రోజులు ఆపకుండా చేస్తే ఊహకీ అసలుకీ తేడా అయిదు పాయింట్లకు తగ్గడం చాలామందికి సాధ్యమే. వారానికోసారి మూడు గంటలు కూర్చుంటే అంత ఫలితం రాదు.

ఇక రేంజ్, అంటే ఎదుటివాడి దగ్గర ఉండగల చేతుల జాబితా సంగతి. చేతిలో ఇస్పేటు ఆసు, డైమన్ రాణి. ఫ్లాప్ మీద ఆఠీను రాణి, ఆఠీను 8, కళావరు 3. పాట్‌లో 60 ఉంటే ఎదుటివాడు 60 ఆల్-ఇన్ పెట్టాడు. కావలసింది 33 శాతం. వాడి దగ్గర సెట్లే ఉంటాయని నమ్మితే 8ల పెయిర్ 3 కాంబోలు, 3ల పెయిర్ 3, రాణుల పెయిర్ 1, మొత్తం 7. వాటి మీద మన వాటా ఒక శాతం దగ్గర, కళ్లు మూసుకుని ఫోల్డ్ చెయ్యొచ్చు (చెయ్యి వదిలెయ్యొచ్చు). రేంజ్‌లో రాజు-రాణి 8 కాంబోలు చేర్చండి. వాటి మీద మనకు 86 దాకా ఉంటుంది కాబట్టి మొత్తం వాటా ఒక్కసారిగా 46కి ఎగబాకుతుంది. రాణి-జాకీ మరో 8 చేరిస్తే 60 దరిదాపుల్లోకి వస్తుంది. బల్ల మీద ఒక్క ముక్క మారలేదు, మన చెయ్యీ మారలేదు. ఎదుటివాడి గురించి మనం అనుకున్నది మారింది, ఫోల్డ్ కాస్తా కాల్ అయింది. కాబట్టి ప్రతి చేతినీ మూడు రేంజ్‌లతో పరీక్షించాలి: బిగుతుగా ఒకటి, మామూలుగా ఒకటి, వదులుగా ఒకటి. మూడింట్లోనూ జవాబు ఒకటే వస్తే ఆ చేతి గురించి ఇక ఆలోచించక్కర్లేదు. మారితే చదవాల్సింది ఆ ఆటగాణ్ని, అంకెల్ని కాదు.

లోపాలు లేకపోలేదు. శాతంతో రేంజ్ ఎంచుకునే స్లైడర్ ఉంది, దాన్ని నమ్ముకోకండి. అది ఒక స్థిరమైన క్రమంలో చేతుల్ని చేర్చుకుంటూ పోతుంది, మనుషులు అలా ఆడరు. సూటెడ్ 7-6తో రెయిజ్ చేసేవాళ్లు (పందెం పెంచేవాళ్లు) కావలసినంతమంది. స్లైడర్‌ని 20 శాతం దగ్గర పెడితే ఆ చెయ్యి రేంజ్‌లో ఉండదు. గళ్లు ఒక్కొక్కటీ నొక్కి నింపుకోవడమే మేలు.

ఇంకో చిక్కు పెద్దది. ఇది చూపించే వాటా రివర్ దాకా ఎవరూ బెట్ వెయ్యకపోతే వచ్చేది. ఆఫ్‌సూట్ 7-2కి కూడా ఆసు-రాజు మీద మూడో వంతు వాటా చూపిస్తుంది. ఆ అంకె చూసి కాల్ చేస్తే ఫ్లాప్ తగలదు, బెట్ పడుతుంది, ఫోల్డ్ చేస్తారు. వాటా కాగితం మీదే మిగిలిపోతుంది. బ్లఫ్ (చెయ్యి లేకుండా ఎదుటివాణ్ని ఫోల్డ్ చేయించే బెట్) లెక్క కూడా ఇందులో దొరకదు. అది సులువే: బెట్‌ని, బెట్ ప్లస్ పాట్‌తో భాగించాలి. సగం పాట్ బ్లఫ్ మూడింట ఒకసారి పారితే చాలు, పాట్ అంత బ్లఫ్ అయితే రెండింట ఒకసారి పారాలి.

రెండో ధీమాకి, అంటే గెలిచే ఆటగాణ్నన్న ధీమాకి, ఆడిన చేతుల్ని (పంపకాల్ని) నమోదు చేసే పోకర్‌ట్రాకర్ లాంటిది కావాలి, దానితోపాటు ఓపిక కావాలి. ఆరుగురి నో-లిమిట్ (పందేనికి పరిమితి లేని) బల్ల మీద ప్రతి 100 చేతులకూ ఫలితం 90 బిగ్ బ్లైండ్‌ల (ముక్కలు చూడకముందే కట్టే పందేల్లో పెద్దది) దాకా ఊగడం మామూలే. నిజంగా 100 చేతులకు 5 బిగ్ బ్లైండ్‌లు గెలిచే ఆటగాడు 10,000 చేతుల తర్వాత చూసుకుంటే, ఆ అంకె మైనస్ 13 నుంచి ప్లస్ 23 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. లక్ష చేతుల దగ్గర కూడా ఆ ఊగిసలాట అటూ ఇటూ 6 దాకా మిగులుతుంది. ఎదురెదురుగా కూర్చుని ఆడితే గంటకు 25 నుంచి 30 చేతులు పడతాయి. ఆ లెక్కన లక్ష చేతులకు 3,300 గంటల పైమాట. ఆన్‌లైన్‌లో నాలుగు బల్లల మీద గంటకు 280 చేతులు ఆడితే 360 గంటల లోపే. రెండు నెలలు లాభం వచ్చిందని పెద్ద బల్ల ఎక్కేవాళ్లు ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవాలి.

మొదటి ఏడాదిలో పియోసాల్వర్ లాంటి సాల్వర్ల (సరైన ఆట ఏదో లెక్కగట్టి చెప్పే ప్రోగ్రామ్‌ల) జోలికి వెళ్లక్కర్లేదు. రేంజ్ తప్పుగా ఇస్తే అవి అంతే తప్పుగా, కానీ ఎంతో నమ్మకంగా జవాబిస్తాయి. రేంజ్ రాయడం నేర్చుకునేది ఈక్విల్యాబ్ గళ్లలోనే.

ఒమాహా (పోకర్‌లో మరో రకం) ఆడేవాళ్లకు దీనికే వేరే వెర్షన్ ఉంది, ఇది టెక్సాస్ హోల్డెమ్‌కే. ఆట నడుస్తుండగా పక్కన ఏ సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంచొచ్చో ఒక్కో సైట్‌కి ఒక్కో నియమం. బల్లలన్నీ మూసేశాక, అనుమానం వచ్చిన చేతుల్ని రాసుకుని అప్పుడే దీన్ని తెరవండి.