పెల్లెట్లు తూచే చిన్న కాంటా: ఏళ్ల తరబడి వాడాక

ఎయిర్ రైఫిల్ కొన్నవాళ్లు ఆ తర్వాత టెలిస్కోప్ మీద, స్లింగ్ మీద, మంచి కవర్ మీద ఖర్చు పెడతారు. నన్నడిగితే వాటన్నిటికంటే ముందు కొనాల్సింది పెల్లెట్లు, అంటే రైఫిల్‌లో వేసే చిన్న సీసపు గుళ్లు, తూచడానికి మిల్లీగ్రాము దాకా చూపించే చిన్న కాంటా. వరంగల్ చౌరస్తా వైపు బంగారం దుకాణాల్లో కనిపించే రకమే, అరచేతిలో పట్టేస్తుంది. ఏళ్లుగా వాడుతున్నాను. ఈ సరదా మొత్తంలో నాకు ఇంత తృప్తి ఇచ్చిన వస్తువు ఇంకోటి లేదు.

ఈ అలవాటు అంటించింది మా బావ. టెక్సాస్‌లో ఉంటాడు. జింకల సీజన్ ముందు తూటాలు ఇంట్లో తనే నింపుకుంటాడు. తుపాకీ మందు తూచి పోసేటప్పుడు గ్రెయిన్‌లో పదో వంతు, అంటే ఆరున్నర మిల్లీగ్రాముల తేడా వచ్చినా తీసేసి మళ్లీ తూస్తాడు. వంద, నూటయాభై గజాల్లో ఒక్క దెబ్బకే పడాలి, జంతువు గాయంతో పారిపోకూడదు అన్నది ఆయన పట్టుదల. మన దగ్గర ఆ ముచ్చటే లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం, 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడమూ నేరమే. మనకున్నది 20 జౌల్స్ లోపు శక్తి ఉండే, లైసెన్సు అక్కర్లేని, గొట్టం 0.177 అంగుళాలుండే ఎయిర్ రైఫిల్, ఎదురుగా కాగితం టార్గెట్. ఇందులో నింపడానికి ఏమీ ఉండదు. ఉన్న పెల్లెట్లలో ఒకేలా ఉన్నవాటిని ఏరుకోవడమే మన చేతిలో పని.

ఆ ఏరడంలోనే ఉంది మజా. నేను వాడే తల చదునుగా ఉండే పెల్లెట్ బరువు 0.53 గ్రాములు అని డబ్బా మీద ఉంటుంది. చవక డబ్బా విప్పి తూస్తే 0.51 నుంచి 0.55 దాకా అన్నీ తగులుతాయి. ముందు ఒక గాజు పలక మీద దొర్లిస్తాను. మంచిది సాఫీగా వంపు తిరుగుతుంది, అడుగు అంచు నొక్కుకుపోయినది తడబడుతుంది, దాన్ని పక్కన పడేస్తాను. మిగతావి పట్టకారుతో ఒక్కొక్కటీ కాంటా మీద పెట్టి, వారం మాత్రలు వేసుకునే ఏడు అరల డబ్బాలో బరువు ప్రకారం సర్దుతాను. రెండు దశాంశాలు మాత్రమే చూపించే కాంటా ఈ పనికి చాలదు, మూడు ఉండాలి. మొదలుపెట్టే ముందు దాంతోపాటు వచ్చిన బరువు బిళ్ల పెట్టి సరిచూసుకోవాలి. ఫ్యాన్ గాలికి అంకెలు నిలవవు, పైన మూత ఉన్నా అంతే. మే నెలలో హనుమకొండలో ఫ్యాన్ ఆపి కూర్చోవడం ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకే ఎండాకాలం ఈ పని పొద్దున ఆరింటికే. ఇంకో సంగతి, ఇవి సీసం. అన్నం తినే బల్ల మీద పెట్టుకోవద్దు, పిల్లలకు అందనివ్వద్దు, అయిపోగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

అసలు దీని విలువ నాకు తెలిసింది మాత్రం ఒక ఎండాకాలం. పరకాల దగ్గర మా మామిడితోటలో ఎత్తైన మట్టికట్టకు ఆనించి టార్గెట్ పెట్టుకుంటాం. 25 మీటర్ల దూరంలో ఐదు పెల్లెట్ల గ్రూపును, అంటే కాగితం మీద అవి చేసిన రంధ్రాల గుంపును, పది రూపాయల బిళ్లతో కప్పేయొచ్చు, అంత బాగా కొట్టేది నా రైఫిల్. ఆ ఏప్రిల్‌లో ఉన్నట్టుండి దెబ్బలు కిందికి జారడం మొదలైంది. పక్కలకు బాగానే ఉంది, నిలువునా సాగుతోంది. ఒకటి సరిగ్గా తగిలితే తర్వాతది రెండు వేళ్లు కింద. తోటకు వచ్చిన దోస్తు టెలిస్కోప్ వదులైందన్నాడు. ఫోన్ చేస్తే అమ్మిన దుకాణాయన పెల్లెట్లు బాగాలేవు, ఖరీదైన డబ్బా తీసుకో అన్నాడు. కాంటా లేకపోతే నేనూ ఆ డబ్బా కొనేవాణ్నే. కానీ అన్నీ 0.530, 0.531 అరల్లోంచి తీసినవి, గాజు మీద దొర్లించినవి. అనుమానం ఉండి అక్కడే మళ్లీ తూచాను, బరువులు కదల్లేదు. అంటే లోపం పెల్లెట్‌లో లేదు, దాన్ని తోసే గాలిలో ఉంది. అప్పుడు చెవి పెట్టి వింటే చప్పుడు కూడా మారిపోయింది, ఠక్కుమనేది కాస్తా బుస్సుమంటోంది.

నాది స్ప్రింగ్ రైఫిల్, గాలిని నెట్టే పిస్టన్ ముందు, గాలి జారిపోకుండా ఆపే తోలు వాషర్ ఉండే పాత తరహాది. చలికాలం నుంచి రైఫిల్‌ను మేడ మీద గదిలో ఇనుప బీరువాలో పెట్టాను, పైకప్పు రేకులది. విప్పించి చూస్తే వాషర్ అప్పడంలా ఎండి ముడుచుకుపోయింది. గాలి చుట్టుపక్కల నుంచి జారిపోతోంది, అదీ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. కొత్తది వెయ్యలేదు. బారెల్ మడిచి గాలి రంధ్రంలో రెండు చుక్కల నూనె వేసి, రాత్రంతా భుజానికి ఆనించే వెనక భాగం కిందికి ఉండేలా నిలబెట్టాం. మర్నాడు మొదటి కొన్ని దెబ్బలకు పొగ, పెద్ద శబ్దం. మిగిలిన నూనె ఒత్తిడి వేడికి అంటుకుంటుంది కాబట్టి ఆ దెబ్బలు పైకి పోతాయి, వాటిని లెక్కలోకి తీసుకోకూడదు. తర్వాత గ్రూప్ మళ్లీ పాత చోటికే వచ్చింది. ఆ రోజు తోటలో నాకు కలిగిన ఆనందం ఏ పోటీలో గెలిచినా రాదేమో.

అప్పటి నుంచి కాంటా గురించి నా మాట కొంచెం మారింది. గ్రూప్ దగ్గరికి రావాలంటే తూచాల్సిందే అని అందరికీ చెప్పేవాణ్ని. లెక్క వేసి చూస్తే, నా రైఫిల్ వేగం సెకనుకు 200 మీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి, బరువులో ఐదు శాతం తేడా వస్తే 25 మీటర్ల దగ్గర నాలుగైదు మిల్లీమీటర్లు పైకీ కిందికీ కదులుతుంది. 10 మీటర్ల దగ్గర మిల్లీమీటరు కూడా రాదు. ఆ 10 మీటర్ల పోటీల్లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, కాబట్టి పోటీలకు వెళ్లేవాళ్లకు అదీ ముఖ్యమే. కానీ వాళ్లు వాడే ఖరీదైన డబ్బాల్లో తేడా ముందే తక్కువ, నేను తూచి చూసినవాటిలో తీసి పడేయాల్సినవి చాలా కొద్ది. చవక డబ్బాతో, ఇరవై మీటర్లు దాటిన దూరంలో మాత్రం కాంటా డబ్బు తిరిగొచ్చినట్టే.

నాకు తోట ఉంది, వెనక మట్టికట్ట ఉంది, ఆదివారం పొద్దున తీరిక ఉంది, చవక డబ్బాలే కొంటాను. ఇంటి వరండాలో 10 మీటర్లకే కొట్టుకునేవాళ్లయితే కాంటా డబ్బులకు ఒక మంచి డబ్బా పెల్లెట్లు కొనుక్కోండి, తోలు వాషర్ రైఫిల్ అయితే ఒక చిన్న నూనె సీసా కూడా.