సాబిల్–ఆల్టన్ కనూ ట్రిప్: దారికి అయిదుకు అయిదు, అద్దె సామానుకు మూడున్నర

మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలతో మొదటిసారి కనూ (తెడ్లతో నడిపే సన్నటి పడవ) ఎక్కి, అడవిలో రెండు మూడు రాత్రులు ఉండి రావాలనుకునే కుటుంబానికి ఉత్తర మిన్నెసోటాలోని బౌండరీ వాటర్స్‌లో ఒక మంచి దారి ఉంది. సాబిల్ లేక్‌లో పడవ దింపి ఆల్టన్ లేక్‌కి వెళ్లడం. దారికి అయిదుకు అయిదు. అక్కడి ఔట్‌ఫిటర్లు (పడవలూ క్యాంపు సామానూ అద్దెకిచ్చేవాళ్లు) ఇచ్చే ‘పూర్తి ప్యాకేజీ’ అద్దె సామానుకు మాత్రం మూడున్నరే. పెద్దవాళ్ల వరకు ఆ సామాను చాలా బాగుంటుంది, పిల్లల దగ్గరికి వచ్చేసరికి తేడా కొడుతుంది. అందుకని పడవ, తెడ్లు, సంచులు, టార్ప్ (వానకి పైన కట్టుకునే పట్టా), స్టవ్, గిన్నెలు అద్దెకు తీసుకోండి. పిల్లల ఒంటికి తగిలేది ఏదైనా సరే, లైఫ్ జాకెట్ నుంచి బూట్ల దాకా, ఇంటి నుంచే తెచ్చుకోండి.

ముందు దారి సంగతి. బౌండరీ వాటర్స్ అంటే సుపీరియర్ నేషనల్ ఫారెస్ట్‌లో దాదాపు 11 లక్షల ఎకరాలు, వెయ్యికి పైగా సరస్సులు. లోపల రోడ్లు ఉండవు, ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకూడదు. ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి పడవనీ సామాన్నీ మోసుకుపోయే కాలిబాటని పోర్టేజ్ అంటారు. దాని పొడవు మ్యాపుల్లో రాడ్లలో ఉంటుంది. రాడ్ అంటే 16.5 అడుగులు, ఇంచుమించు ఒక కనూ పొడవు. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. 140 అని చూసి ‘ఎంతలే’ అనుకుంటారు, తీరా అది 700 మీటర్లు. సాబిల్ నుంచి ఆల్టన్‌కి ఉన్న పోర్టేజ్ 30 రాడ్లు, అంటే 150 మీటర్లు. నాలుగేళ్ల పిల్ల తన నీళ్ల సీసా తానే పట్టుకుని నడవగలిగే దూరం. పైగా పడవ దింపే రేవుకి దగ్గర్లోనే ఉంటుంది. పిల్లలకి విసుగు పుట్టేలోపే మొదటి మజిలీ వచ్చేస్తుంది.

మినియాపొలిస్–సెయింట్ పాల్ జంట నగరాల నుంచి కారులో దాదాపు అయిదు గంటలు. సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న టాఫ్టీ ఊళ్లో పెట్రోలు పోయించుకుని, అక్కణ్ణించి 24 మైళ్లు సాబిల్ ట్రైల్ మీద లోపలికి వెళ్లాలి. అదే రోజు పడవ ఎక్కకండి. రేవు పక్కనే ఫారెస్ట్ సర్వీస్ వాళ్ల క్యాంప్‌గ్రౌండ్ ఉంది. ఆ రాత్రి అక్కడ పడుకుంటే గుడారంలో నిద్ర పిల్లలకి అలవాటవుతుంది, ఏదైనా మరిచిపోతే కారు పక్కనే ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, పొద్దున ఏడింటికే నీళ్ల మీద ఉండొచ్చు.

ఏడింటికే ఎందుకంటే, గాలి. ఇక్కడ మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. సాబిల్ ఉత్తర దక్షిణాలుగా నాలుగు మైళ్లు సాగిన సరస్సు. గాలి దాని పొడవునా వీచిందంటే అవతలి కొసకి అలలు బాగా పెరుగుతాయి. ఆల్టన్ మధ్యలో అడ్డు తక్కువ. అలల తలమీద తెల్లటి నురగ కనిపిస్తే పిల్లలున్న పడవ కదలకూడదు. నురగ లేకపోయినా సరస్సుని అడ్డంగా కోసుకుంటూ పోవద్దు, ఒడ్డు వెంబడే వెళ్లండి. పదిన్నరకల్లా క్యాంపు దొరికించుకోవాలి అనుకుని లెక్క వేసుకుంటే ఇబ్బంది ఉండదు.

మే 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు రాత్రి బసకి పర్మిట్లకు కోటా ఉంటుంది. జనవరి చివర్లో రిక్రియేషన్ డాట్ గవ్‌లో తెరుస్తారు. సాబిల్ ఎంట్రీ పాయింట్ నంబరు 38. రిజర్వేషన్‌కి 6 డాలర్లు, పెద్దవాళ్లకి ఒక్కొక్కరికి 16, పిల్లలకి 8. ఇది రాత్రికి కాదు, మొత్తం ట్రిప్పుకి. గుంపులో 9 మందికి మించకూడదు, చంకలో బిడ్డ కూడా లెక్కలోకి వస్తుంది. రెండు కుటుంబాలు, తోడు తాతయ్య నానమ్మలు అనుకునేవాళ్లు ముందే వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. పర్మిట్ మీద పేరున్న లీడరో, ప్రత్యామ్నాయ లీడరో స్వయంగా వచ్చి తీసుకోవాలి. కాబట్టి భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయండి.

పర్మిట్ మీరు లోపలికి అడుగుపెట్టే తేదీకీ చోటుకీ మాత్రమే. క్యాంపు స్థలాలు ఎవరు ముందు వస్తే వాళ్లవి. శనివారం కాకుండా మంగళ, బుధవారాల్లో వెళ్తే మంచి స్థలం ఏరుకోవచ్చు. నెల విషయంలో మా మాట ఒకటే: ఆగస్టు రెండో సగం. జూన్‌లో నల్ల ఈగలు, దోమలు పిల్లల్ని పీక్కుతింటాయి. మే నెలలో సరస్సు నీళ్లు ప్రాణం తీసేంత చల్లగా ఉంటాయి, లైఫ్ జాకెట్ ఉన్నా సరే. ఆగస్టులో నీళ్లు ఈతకి బాగుంటాయి, రాత్రిళ్లు మాత్రం 10 డిగ్రీల సెల్సియస్ దాకా దిగొచ్చు.

ఇక పడవ. ఇద్దరు పెద్దలు, ఇద్దరు చిన్నపిల్లలకి 20 అడుగుల మూడు సీట్ల కెవ్లార్ (తేలికైన, గట్టి నారతో చేసిన) కనూ అడగండి. వెనోనా వాళ్ల మిన్నెసోటా 3 ఈ ప్రాంతంలో బాగా కనిపించే రకం. బరువు 50 పౌండ్ల చుట్టుపక్కల. 17 అడుగుల అల్యూమినియం పడవ అద్దె తక్కువ, రాళ్లకి గుద్దినా చెక్కుచెదరదు, కానీ 70 పౌండ్లు దాటుతుంది. పోర్టేజ్‌లో ఆ 20 పౌండ్ల తేడా మెడకి బాగా తెలుస్తుంది. కెవ్లార్‌తో చిక్కల్లా దాన్ని ఒడ్డు మీదకి ఈడ్చకూడదు. పడవ నీళ్లలో తేలుతుండగానే ఎక్కాలి, దిగాలి. అంటే అందరి కాళ్లూ తడుస్తాయి. క్రాక్స్, చెప్పులు బురదలో ఊడిపోతాయి. వేళ్లు మూసుకుని, వెనక పట్టీ ఉండే తడి బూట్లు పిల్లలకి తప్పనిసరి. పొడి బూట్లు సంచిలో వేరే.

పిల్లలు పడిపోయేది సరస్సు నడిమధ్యలో కాదు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. ఒడ్డున రాళ్ల మీద పాకుడు ఉంటుంది. వరస ఇలా పెట్టుకోండి: పడవని ఒడ్డుకి సమాంతరంగా ఆపి, వెనక కూర్చునేవారు మోకాలి లోతు నీళ్లలో నిలబడి అంచు గట్టిగా పట్టుకోవాలి. సంచులు అడుగున పడుకోబెట్టాలి. ముందు కూర్చునేవారు ఎక్కి కూర్చున్నాక పిల్లల్ని ఒక్కొక్కరిగా చంకల కింద పట్టి లోపల దించాలి. ఆఖర్న వెనకవారు ఎక్కాలి. దిగేటప్పుడు ముందువారు దిగి పట్టుకుంటారు, తర్వాత పిల్లలు, చివర వెనకవారు. పిల్లల కింద మందపాటి ఫోమ్ ముక్క వేయండి, అడుగున చేరే నీళ్లకి పిర్రలు తడవవు. పిల్లల్ని పడవకి దేనితోనూ కట్టొద్దు. తిరగబడితే ఆ తాడే యమపాశం.

ముందు కూర్చునేవారు తేలికైతే బరువు సంచి ముందువైపు జరపండి. పడవ ముక్కు పైకి లేచి ఉంటే ఎదురుగాలి దాన్ని ఎటుబడితే అటు తిప్పేస్తుంది.

లైఫ్ జాకెట్ దగ్గర అద్దె ప్యాకేజీ నిజంగా నిరాశపరుస్తుంది. పెద్ద సైజులు దండిగా ఉంటాయి, చిన్నవి ఒకటో రెండో, అవీ వాడి వాడి పట్టీలు సాగిపోయినవి దొరకొచ్చు. మిన్నెసోటా చట్టం ప్రకారం పడవ కదులుతుంటే పదేళ్ల లోపు పిల్లలు జాకెట్ వేసుకునే ఉండాలి. వయసు చూసి కాదు, బరువు చూసి కొనండి. 30 పౌండ్ల లోపు ఒక సైజు, 30–50 ఒకటి, 50–90 ఒకటి. ‘వచ్చే ఏడు కూడా పనికొస్తుంది’ అని వదులుది కొనడం మన అలవాటు, ఇక్కడ ఆ అలవాటు మానాలి. జాకెట్ తొడిగి, పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పిల్లని పైకి లేపండి. జాకెట్ గడ్డం దాటి చెవులదాకా వచ్చిందంటే అది వదులు. చిన్నవాళ్లకి కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ, మెడ వెనక పట్టుకుని లాగే పిడి రెండూ ఉండాలి. ట్రిప్పుకి రెండు వారాల ముందే స్విమ్మింగ్ పూల్‌లో అది వేసుకుని తేలడం చూపించండి. క్యాంపులో నీటి ఒడ్డుకి వెళ్లినా జాకెట్ ఉండాల్సిందే.

పిల్లలకి 36 నుంచి 42 అంగుళాల చిన్న తెడ్డు ఒకటి అడిగి తీసుకోండి. వాళ్లు వేసే తెడ్డుతో పడవ ముందుకు పోదు, కానీ చేతిలో అది ఉంటే గంటసేపు కాలక్షేపం.

పోర్టేజ్‌లో ఒక నియమం: ఏ కొసనా పిల్లలు ఒంటరిగా ఉండకూడదు. మొదటి విడత పెద్దలిద్దరూ చెరో సంచీ తగిలించుకుని పిల్లలతో కలిసి అవతలికి నడుస్తారు. ఒకరు అక్కడే ఆగుతారు, ఇంకొకరు వెనక్కి వచ్చి పడవ ఎత్తుకుంటారు. అలా పడవ మోసేవారు నడిచేది మూడింతలు, 450 మీటర్లు. ఇంకో రెండు సంచులు పెరిగితే అయిదింతలు. అందుకే సామాను రెండు పెద్ద సంచులు, ఒక చిన్న సంచికి కుదించండి. మూడు రాత్రులైనా క్యాంపు మార్చకండి, ఒక్కచోటే ఉండండి. మధ్యలో ఒకరోజు గాలి లేకపోతే ఆల్టన్ నుంచి కెల్సో లేక్ మీదుగా సాబిల్‌కి చుట్టి మళ్లీ ఆల్టన్ రావచ్చు, అన్నీ పొట్టి పోర్టేజీలే. బెత్ లేక్ వైపు 140 రాడ్లు, ఈసారికి వద్దు.

తిండి దగ్గర మనవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. తిండి డబ్బాలు రేకువీ, గాజువీ లోపలికి తీసుకెళ్లకూడదు. ఆవకాయ గాజు సీసాలోంచి మరమూత ప్లాస్టిక్ డబ్బాలోకి మారాలి, దానిమీద జిప్ కవరు. నూనె కారితే సంచి అంతా ఆ వాసనే, ఎలుగుబంటికి పిలుపే. ప్యాకేజీలో గ్యాస్ లెక్క ఎండబెట్టిన భోజనం ప్యాకెట్లలో వేడినీళ్లు పోసుకునేవాళ్లకి సరిపోయేది. మనం అన్నం వండుతాం కాబట్టి మూడు రాత్రులకి 230 గ్రాముల సిలిండర్లు రెండు, పైన ఒకటి అదనంగా అడగండి. కందిపప్పు వద్దు, కుక్కర్ లేకుండా ఉడికేసరికి సగం గ్యాస్ అయిపోతుంది. పెసరపప్పు ఇంటి దగ్గరే దోరగా వేయించి తెచ్చుకోండి. 200 గ్రాముల బియ్యం, 150 గ్రాముల పెసరపప్పు, లీటరున్నర నీళ్లు: అరగంటలో నలుగురికి పొంగలి. మిరియాలు, జీలకర్ర, కరివేపాకు నెయ్యిలో వేయించిన పోపు చిన్న డబ్బాలో ఇంటి నుంచే వస్తే అడవిలో పోపు గుప్పుమనే పని ఉండదు. పొద్దున్నకి అటుకులు, అరకిలో రెండు పూటలకి వస్తుంది. మొదటి రోజు మధ్యాహ్నానికి ఇంట్లో కలిపిన పులిహోర. మిగతా మధ్యాహ్నాలు టోర్టియాలు, పీనట్ బటర్. పడవలో పిల్లలకి చేతికి అందేలా అరగంటకోసారి ఏదో ఒకటి ఉండాలి, ఆకలేసిన పిల్లకి చలి కూడా త్వరగా వేస్తుంది.

రాత్రి తిండి, టూత్‌పేస్ట్, సబ్బు అన్నీ నేలకి 12 అడుగుల ఎత్తున, చెట్టు మొదలుకి 6 అడుగుల దూరంలో వేలాడాలి, లేదా ఎలుగుబంటి తెరవలేనిదని సర్టిఫికెట్ ఉన్న డబ్బాలో ఉండాలి. ఔట్‌ఫిటర్ తిండికి ఆ సర్టిఫికెట్ లేని నీలం డ్రమ్ము ఇస్తే దాన్నీ కట్టాల్సిందే. పిల్లల జేబుల్లో బిస్కెట్ ముక్కలు గుడారంలోకి రాకుండా చూడండి. ఎంగిలి గిన్నెలు సరస్సులో కడగొద్దు, ఒడ్డుకి కనీసం 200 అడుగుల దూరం.

ప్రతి క్యాంపులో ఇనప నిప్పుగూడు, వెనకగా చెట్లలో గోడలూ కప్పూ లేని మరుగుదొడ్డి ఉంటాయి. ఆ కంత పెద్దది. మూడు నాలుగేళ్ల పిల్లలు చూసి జడుసుకుని రెండు రోజులు బిగబట్టుకుంటారు, కడుపునొప్పి మొదలవుతుంది. మడతపెట్టే పిల్లల సీటు ఒకటి తెస్తే సమస్య తీరుతుంది. డైపర్లు మరుగుదొడ్డిలో వేయకూడదు, కాల్చకూడదు, మూసిన సంచిలో వెనక్కి తీసుకురావాలి. గుడారం వేసేముందు తలెత్తి చూడండి, ఎండిన చెట్టుగానీ విరిగి వేలాడే కొమ్మగానీ ఉంటే ఆ చోటు వదిలేయండి.

పెద్దల స్లీపింగ్ బ్యాగ్ పిల్లలకిస్తే లోపల ఖాళీ ఎక్కువై వేడి నిలవదు. తప్పనిసరైతే కాళ్లకింద మిగిలే భాగాన్ని మడిచి తాడుతో కట్టండి. జీన్స్, కాటన్ స్వెట్‌షర్ట్ ఇంట్లోనే ఉంచండి, తడిస్తే రోజంతా ఆరవు. ఫ్లీస్, ఉన్ని తెచ్చుకోండి. దోమల మందు రాసేటప్పుడు పిల్లల అరచేతులకి, కళ్ల దగ్గర రాయొద్దు. లెమన్ యూకలిప్టస్ నూనె రకాలు మూడేళ్ల లోపు వాళ్లకి పనికిరావు. సాయంత్రం చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో పిడుదులున్నాయేమో వెతకండి.

అద్దె సామానులో మెచ్చుకోవాల్సింది టార్ప్. 10 అడుగులకు 14 అడుగులది తీసుకోండి, చిన్నదానికి ఒప్పుకోకండి. వాన రోజున గుడారంలో కుక్కుకోకుండా దాని కింద వంట, ఆట, నిద్ర అన్నీ జరుగుతాయి. అలాగే శాటిలైట్ మెసేజ్ పరికరం అద్దెకి దొరికితే తప్పక తీసుకుని, బయల్దేరేముందు రేవు దగ్గరే ఇంటికి ఒక మెసేజ్ పంపి చూడండి. సామాను చేతికొచ్చినప్పుడు గుడారం అక్కడే ఒకసారి వేసి, పుల్లలు లెక్కపెట్టి, స్టవ్ వెలిగించి చూసి, పడవ అడుగున ముందే ఉన్న గీతల్ని ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. తిరిగి అప్పగించేటప్పుడు ఆ గీతలు ఎవరివన్న ప్రశ్న వస్తే ఆ ఫొటోలే జవాబు.