దూరప్రయాణపు గుర్రానికి ఏది మేలు: వట్టి గిట్టా, ఇనుప లాడమా, బూటా?

ఎండ్యూరెన్స్ అనే దూరపు సవారీ పోటీలో గుర్రం 80 కిలోమీటర్లు నడిచినా, 160 కిలోమీటర్లు నడిచినా, చివర పశువైద్యుడి ఎదుట కుంటకుండా పరుగు తీసి చూపితేనే ఆ దూరం లెక్కలోకి వస్తుంది. గుండె వేగం ఇచ్చిన గడువులోగా సాధారణంగా నిమిషానికి 64కు దిగకపోయినా పోటీ నుంచి తప్పిస్తారు గాని, ఎక్కువ గుర్రాలు తప్పుకొనేది కుంటితనం వల్లనే. అయినా అంతర్జాతీయ నిబంధనలు లాడాన్ని తప్పనిసరి చేయలేదు. కాలిఫోర్నియాలో 1955 నుంచి జరుగుతున్న టెవిస్ కప్‌లో 100 మైళ్ల కొండదారిని 24 గంటల్లో దాటాలి. ఆ రాళ్ల మీద ఇనుప లాడాలతో పూర్తిచేసిన గుర్రాలూ ఉన్నాయి, గిట్టకు తొడిగి విప్పే బూట్లతో పూర్తిచేసినవీ ఉన్నాయి. అయితే వేసవిలో ఎండిపోయి ఉండే ఆ నేల మీద తేలిన తీర్పును విజయనగరం జిల్లాకు ఉన్నదున్నట్టు తెచ్చుకోలేము. ఇక్కడ వానను, కంకరను కలిపి చూడాలి.

వట్టి గిట్ట పక్షాన చెప్పవలసినది చాలా ఉంది. అడుగు పడినప్పుడు మడమ భాగం కొద్దిగా విచ్చుకొని, లోపలి మెత్తటి కణజాలం అదురును మింగుతుంది. మేకులతో లాడం బిగిస్తే ఆ కదలిక తగ్గుతుంది. తారురోడ్డు మీద ఇనుము జారే చోట వట్టి గిట్ట పట్టు నిలుపుకుంటుంది. కాలి చివర అదనపు బరువుండదు, దారిలో ఊడిపోయేదేమీ ఉండదు. చిక్కంతా అరుగుదలలోనే ఉంది. గిట్ట పెంకు నెలకు సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతుంది. ఎర్రమట్టి డొంకల్లో రోజూ గంటసేపు తిరిగే గుర్రానికి పెరిగినదీ అరిగినదీ ఇంచుమించు సరిపోతాయి. అదే గుర్రాన్ని కొండపల్లెలకు వేసిన కంకర దారుల్లో వారం వారం 40 కిలోమీటర్లు తిప్పితే, పెరుగుదల అరుగుదలను అందుకోలేదు. పైగా లాడం తీసిన గుర్రానికి ముందుకాలి మొనవైపు పూర్తిగా కొత్త పెంకు దిగడానికి ఏడాది వరకూ పడుతుంది. అంతవరకూ ఆగే ఓపిక లేని రౌతు ఈ మార్గం జోలికి పోకపోవడమే మంచిది.

వట్టి గిట్ట నిలుస్తుందా లేదా అన్నది చాలావరకు దాణా తొట్టి దగ్గరే తేలిపోతుంది. మన దగ్గర గుర్రం అనగానే ఉలవలు, తవుడు, పైన ముద్దుకు ఒక బెల్లం ముక్క. పిండిపదార్థాలు, చక్కెర మితిమీరితే పెంకును లోపలి ఎముకకు పట్టి ఉంచే పొరలు వాచి, లామినైటిస్ వస్తుంది. అది పూర్తిగా బయటపడకముందే గిట్ట ఎత్తి చూస్తే తెలిసే గుర్తులు కొన్ని ఉన్నాయి: పెంకుకూ అడుగుకూ మధ్యనుండే సన్నని తెల్లగీత వెడల్పవుతుంది, ఒక్కోసారి అందులో ఎర్రని నెత్తుటి చారలు కనిపిస్తాయి. అటువంటి గిట్టతో కంకర మీదికి వెళ్లడం గుర్రాన్ని హింసించడమే. గరివిడిలో పశువైద్య కళాశాల ఉండగా చూపించకపోవడానికి సాకు కూడా లేదు.

ఇక వాన. నైరుతి రుతుపవనాలు జూన్‌లో మొదలైతే, తుపానులు నవంబరు దాటే దాకా వదలవు. ఆ నెలల్లో తడి కొట్టంలో నిలిచిన గిట్ట నీరు పీల్చి మెత్తబడుతుంది. అడుగు భాగపు మధ్యనుండే ముక్కోణపు మెత్తటి దిండు, అంటే ఫ్రాగ్, పక్క గాడిలో నల్లగా కుళ్లి, గీకితే ముక్కు మూసుకోవలసిన వాసన వస్తుంది. వేసవిలో రాయిలా ఉన్న గిట్టే అక్టోబరులో అదే కంకర మీద కమిలిపోతుంది. పొడి దేశాల వట్టిగిట్టల విజయగాథలు చదివి ఆవేశపడేవారు మరిచిపోయేది దీన్నే.

ఇనుప లాడం అరుగుదల బెడదను పూర్తిగా తీరుస్తుంది. రోజూ తారురోడ్డు మీద పనిచేసే గుర్రానికి నేను కూడా లాడమే సూచిస్తాను. కానీ 6 నుంచి 8 వారాలకు ఒకసారి ఊడదీసి, పెరిగిన గిట్టను చెక్కి, మళ్లీ కొట్టాలి. తడిసి ఆరే పెంకులో మేకు రంధ్రాలు వదులవుతాయి. మేకు మొన వంచిన చోట వేలితో తడిమితే, బిగువుగా ఉన్నప్పుడు నున్నగా తగిలేది, వదులైతే చర్మానికి గీరుకుంటుంది. వరిచేల పక్క బురదలో ఆ లాడం ఊడితే వట్టిగా ఊడదు, పెంకు ముక్కను కూడా పీక్కుపోతుంది. అంతకన్నా పెద్ద ప్రశ్న కొట్టేది ఎవరన్నది. ఎడ్లకు లాడాలు కొట్టేవారు తమ పనిలో దిట్టలే, కాని ఎద్దు గిట్ట రెండుగా చీలినది, దాని లాడమూ రెండు రేకులే. గుర్రానిది ఒంటి గిట్ట. మేకు తెల్లగీత దాటి లోపలికి దిగితే గుర్రం అప్పటికప్పుడే కుంటవచ్చు, లేదా కొద్ది రోజులకు చీము పట్టవచ్చు. గుర్రపు గిట్ట తెలియని చేత లాడం కొట్టించడం కన్నా వట్టి గిట్టే నయమని నిస్సందేహంగా అంటాను.

బూటులో మేకు గొడవ లేదు. అవసరమైనప్పుడు తొడిగి, ఇంటికి రాగానే విప్పేయవచ్చు. దాని కష్టమంతా కొలతలోనే ఉంది. గిట్ట చెక్కిన రోజున సరిపోయిన బూటు నాలుగైదు వారాలకు బిగుతవుతుంది. కళింగపట్నం వంటి తీరాన ఇసుకలో నడిపితే, లోపల చేరిన రేణువులు మడమ పైచర్మాన్ని ఉప్పుకాగితంలా రాస్తాయి. మొదట అక్కడి వెంట్రుకలు రాలతాయి, తరువాత చర్మం ఎర్రబారుతుంది. జిగురుతో అంటించే రకానికి ఈ రాపిడి ఉండదు గాని, దాన్ని పోటీకి ముందు అంటించి, అయ్యాక త్వరగా తీసేయాలి. తడిని లోపల మూసిపెట్టి వారాల తరబడి ఉంచితే కుళ్లు పడుతుంది.

ఈ జిల్లాల్లో సవారీ గుర్రానికి నా ఓటు వట్టి గిట్ట, కంకర దారికి బూటు అనే జోడింపుకే. ముందు కాళ్లే శరీర బరువులో ఎక్కువ భాగం మోస్తాయి కనుక డబ్బు ఒక జతకే ఉంటే ముందు కాళ్లకే కొనాలి. బూట్లను మొదటిసారి పోటీనాడు తొడగకూడదు: అయిదు కిలోమీటర్లు, ఆపై పది, ఇరవై, ప్రతిసారీ విప్పి మడమ చూసుకుంటూ పెంచాలి. అదనపు బూటు ఒకటి జీనుకు కట్టుకోవాలి. పెంకు పగుళ్లున్న గుర్రానికో, పశువైద్యుడు ప్రత్యేకంగా చెప్పిన గుర్రానికో మాత్రం లాడమే మేలు కావచ్చు. అప్పుడు గుర్రపు లాడం కొట్టే నేర్పరి ఎంత దూరాన ఉన్నా పిలిపించి, తరువాతి తేదీని కూడా ఆ రోజే ఖాయం చేసుకోవాలి.