సౌండ్ రాకపోతే అల్సామిక్సరా, పావుకంట్రోలా?

లైనక్స్‌లో పాట నడుస్తోంది, స్పీకర్ మాత్రం మూగనోము పట్టింది. ముందు టెర్మినల్‌లో సౌండ్ కార్డుల జాబితా చూపించే ‘ఏప్లే -ఎల్’ (aplay -l) కొట్టండి (చిన్న ఎల్). కార్డు పేరే రాకపోతే సౌండ్ సెట్టింగులు మార్చే అల్సామిక్సర్ (alsamixer), పావుకంట్రోల్ (pavucontrol) రెండూ దండగే, అది డ్రైవర్ గొడవ. కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్ అయితే దాని సౌండ్ చిప్‌కి కావాల్సిన సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ ఉందో లేదో చూడండి.

కార్డు కనిపిస్తే నా ఓటు మొదట పావుకంట్రోల్‌కే. హెచ్‌డీఎంఐ కేబుల్ పీకేశాక కూడా సౌండ్ టీవీ వైపే పోతుంటే, కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో ప్రొఫైల్‌ని అనలాగ్ స్టీరియోకి మార్చండి. మీ లైనక్స్‌లో సౌండ్‌ని నడిపించేది పల్స్‌ఆడియో అయినా, పైప్‌వైర్ అయినా ఇదే పద్ధతి.

అల్సామిక్సర్ చూడ్డానికి పాతకాలం సరుకే గానీ, నేరుగా కార్డుతోనే మాట్లాడుతుంది. ఎఫ్6 నొక్కి అసలు కార్డు ఎంచుకోండి. గడి కింద ‘ఎంఎం’ అని ఉంటే మ్యూట్ అయినట్టే. ఎం నొక్కితే ‘ఓఓ’ అవుతుంది. హెడ్‌ఫోన్ తీసినా స్పీకర్ పలకకపోతే అక్కడే, హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకర్‌ని ఆపేసే ఆటో-మ్యూట్ మోడ్‌ని డిజేబుల్ చేసి చూడండి. ఆ సెట్టింగ్ పావుకంట్రోల్‌లో దొరకదు.